‘సైకో’ కత్తెర, ‘జాస్’ కాలయాపన: ఏది ఎక్కువ భయపెడుతుంది?

హిచ్‌కాక్ ‘సైకో’ (1960)లో షవర్ హత్య ముప్పావు నిమిషం సాగుతుంది. తీయడానికి మాత్రం వారం పట్టింది. కత్తి ఒంట్లో దిగడం దాదాపు ఎక్కడా కనపడదు. కత్తి, చెయ్యి, తెరిచిన నోరు, నీళ్లు ఎడిటింగ్ కత్తెరతో చకచకా మారిపోతుంటే మిగతాది మన బుర్రే అతికించుకుంటుంది. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి రక్తానికి చాక్లెట్ సిరప్ సరిపోయింది. ఈ సీన్‌కు సంగీతమే వద్దనుకున్న హిచ్‌కాక్, సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్ల కీచుదనం విన్నాక మనసు మార్చుకున్నాడు.

స్పీల్‌బర్గ్ ‘జాస్’ (1975)ది వేరే లెక్క. ఈతకొచ్చిన జనాన్ని వేటాడే షార్క్ కథ ఇది. ఆ షార్క్ కోసం చేసిన యంత్రం ఉప్పునీటిలో మొరాయిస్తుంటే దాన్ని చూపించడం తగ్గించక తప్పలేదు. గంట దాటినా షార్క్ సరిగ్గా కనపడదు. నీటి అడుగు నుంచి ఈతగాళ్ల కాళ్లను చూసే కెమెరా, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ రెండు స్వరాలు, అంతే. స్వరాల వేగం పెరిగిందంటే అది దగ్గరికొస్తున్నట్టే. అసలు కిటుకు ఇక్కడుంది: పిల్లలు ఉత్తుత్తి రెక్కతో జనాన్ని హడలగొట్టే సీన్‌లో ఆ సంగీతం రాదు. సంగీతం వస్తేనే షార్క్ వస్తుందని అలా మనల్ని అలవాటు చేసి, తర్వాత ఒకచోట ఏ హెచ్చరికా లేకుండా షార్క్‌ను పైకి లేపుతాడు. (మన హారర్ కామెడీల్లో తలుపు కదిలినా చెవులు పగిలే మోతే కదా!)

షాక్ కావాలంటే ‘సైకో’. కానీ ఆ దెబ్బ మొదటిసారి మాత్రమే గట్టిగా తగులుతుంది. ‘జాస్’లో ఏం జరగబోతోందో తెలిసినా టెన్షన్ తగ్గదు. ఒక్కటే చూడాలంటే నా ఓటు దానికే, హెడ్‌ఫోన్స్‌తో.