పీఎల్‌ఏనా, పీహెచ్‌ఏనా?

పీఎల్‌ఏ అంటే పాలీలాక్టిక్ ఆమ్లం, పీహెచ్‌ఏ అంటే పాలీహైడ్రాక్సీఆల్కనోయేట్. రెండూ బ్యాక్టీరియా సాయంతో చక్కెర నుంచి పుట్టే ప్లాస్టిక్‌లే. కానీ బ్యాక్టీరియా చేసే పని వేరు.

పీఎల్‌ఏలో అది సగం పనే చేస్తుంది. మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం ఇస్తుంది, మన పెరుగును పుల్లబరిచేదే! దాని అణువులను పొడవాటి ప్లాస్టిక్ గొలుసుగా అల్లేది మాత్రం ఫ్యాక్టరీలోని రసాయన ప్రక్రియ. పీఎల్‌ఏ చవక, గాజులా పారదర్శకం. అయితే 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి మామూలు పీఎల్‌ఏ కప్పులో వేడి టీ పోయకండి.

పీహెచ్‌ఏ కథ ఇంకా ఆసక్తికరం. మనకు కొవ్వు పేరుకున్నట్టు, చక్కెర దండిగా ఉండి నత్రజని కరువైతే కొన్ని బ్యాక్టీరియాలు ఈ ప్లాస్టిక్‌నే కణంలో గింజలుగా దాచుకుంటాయి. కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా పొడి బరువులో 80 శాతం దాకా అదే ఉండొచ్చు! 1926లోనే ఫ్రాన్స్‌లో మోరీస్ లెమ్వాన్యే అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు. కణాలను పగలగొట్టి గింజలు తీయడానికీ బాగానే ఖర్చవుతుంది. ధర ఎక్కువ కావడానికి అదో కారణం.

అసలు తేడా పారేశాక తెలుస్తుంది. పీఎల్‌ఏ త్వరగా కుళ్లాలంటే దాదాపు 58 డిగ్రీల వేడి ఉండే కంపోస్టు కేంద్రం కావాలి. పెరట్లోనో సముద్రంలోనో ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. పీహెచ్‌ఏను మట్టిలో, ఉప్పునీటిలో కూడా సూక్ష్మజీవులు తినేస్తాయి. చేపల వలలకు, పొలంలో పరిచే మల్చింగ్ షీట్లకు నా ఓటు దానికే.