విజయనగరంలో మా ఇంటి గోడకి, నడిచేటప్పుడు చేతి ఆసరాకని పెట్టించిన స్టీలు కమ్మి, ఎనిమిది నెలలు వాడాక

పెట్టించిన కొత్తలోనే రాద్దామనుకున్నాను గానీ, వానాకాలం, కరెంటు పోయిన రాత్రులు, పాపకి నడక రావడం, ఇవన్నీ అయ్యాక రాస్తేనే చదివేవాళ్ళకి పనికొస్తుందని ఆగాను. ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళు, ముఖ్యంగా షుగర్‌తో కాళ్ళు తిమ్మిరెక్కినవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు, కాస్త ఓపిగ్గా చదవండి.

మాది దాసన్నపేట వైపు పాత ఇల్లు. పడగ్గది గుమ్మం నుంచి వెనక బాత్‌రూమ్ దాకా 16 అడుగుల నడవ, చివర్లో ఒక మెట్టు దిగాలి. మా అత్తగారికి 72 ఏళ్ళు, షుగర్ వచ్చి 18 ఏళ్ళు దాటింది. "అరికాలి కింద దూది పెట్టినట్టుంటాదే" అని ఏడాదిగా అంటూనే ఉన్నారు, మేమే అంత పట్టించుకోలేదు. చివరికి డాక్టరు గారు సన్నటి నైలాన్ పోగు ఒకటి బొటనవేలికి ఆనించి (అది వంగితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట) "తగిలిందా అమ్మా" అని అడిగితే, ఆవిడ కళ్ళు మూసుకుని "ఎప్పుడు పెడతారు బాబూ" అన్నారు. అప్పటికే మూడుసార్లు పెట్టేశారాయన. నేను పక్కనే కూర్చుని చూశాను, గుండె జారిపోయింది.

ముందు ఆన్‌లైన్‌లో నాలుగు కాళ్ళ చేతికర్ర తెప్పించాం. కొందరికి అదే మంచిది కావచ్చు, మాకు కుదరలేదు. నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనాలి, మా నడవలో గచ్చు నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది, ఒక కాలు గాల్లో ఉండి కర్ర కటకటా ఊగేది. అది ఊగిన కొద్దీ ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకునేవారు, చూపంతా కర్ర మీదే, భుజం బిగుసుకుపోయేది. రెండు వారాలకి దాన్ని తలుపు వెనక పెట్టేసి, మళ్ళీ గోడ తడుముకుంటూ వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ గోడ తడమడాన్ని చూసే ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒక మాట చెప్పింది. "ఆంటీ చేస్తున్నదే కరెక్టండీ, గోడకి బదులు చేతికి సరిగ్గా దొరికేది ఒకటి పెట్టండి. బరువు వేయడానికి కాదు, వేలు తగలడానికి." నాకు అర్థం కాలేదు. అప్పుడు నన్నే నిలబెట్టింది, ఒక పాదం ముందు ఇంకో పాదం, మడమకి వేళ్ళు తగిలేలా, కళ్ళు మూసుకోమంది. 36 ఏళ్ళ మనిషిని, ఏ జబ్బూ లేదు, అయినా చెట్టుకొమ్మలా ఊగిపోయాను. తర్వాత నా చూపుడు వేలు తెచ్చి బల్ల అంచుకి ఊరికే తగిలించి ఉంచింది. ఒత్తలేదు, ఆనుకోలేదు. ఊగడం చాలావరకు ఆగిపోయింది.

ఎంత ఒత్తుతున్నానో చూద్దామని వంటింట్లో పిండి తూచే డిజిటల్ త్రాసు తెచ్చి బల్ల మీద పెట్టి దాని మీద వేలు పెట్టించింది. 70, 80 గ్రాముల మధ్య ఆడుతోంది అంకె. ఒక చిన్న నిమ్మకాయ బరువు లేదు. అంత చిన్న ఆసరా 60 కిలోల మనిషిని ఆపలేదు కదా. అంటే ఆపుతున్నది వేలి బలం కాదు, వేలు మెదడుకి చేరవేసే కబురు. ఒళ్ళు ఇటు వాలగానే వేలికొన చర్మం ఇంత సాగుతుంది, అటు వాలితే అటు సాగుతుంది, ఆ కబురు అందుకుని కాళ్ళ కండరాలు సర్దుకుంటాయి. తర్వాత నేనే వెతికి చదివాను. 1994లో అమెరికాలో జెకా, లాక్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇదే పరీక్ష చేసి, ఒక న్యూటన్ కంటే తక్కువ ఒత్తిడితో, అంటే సుమారు వంద గ్రాముల లోపే, వేలు తగిలించినా గట్టిగా పట్టుకున్నంతగానే ఊగడం తగ్గుతోందని చూపించారు. వాళ్ళది నిలబడినప్పటి సంగతి, నడకలో కూడా ఇలాంటి తేలికపాటి తాకిడి సాయం చేస్తుందని ఆ తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసినవాళ్ళున్నారు.

మనం తూలకుండా ఉండటానికి మెదడుకి కబుర్లు మూడు వైపుల నుంచి వస్తాయి: కళ్ళు, లోపలి చెవి, కాళ్ళ నుంచి, అంటే అరికాలి చర్మం, కీళ్ళు, కండరాల నుంచి. షుగర్ లేకపోయినా వయసు పెరిగే కొద్దీ అరికాలికి స్పర్శ తగ్గుతుంది. షుగర్ ఉంటే నరాలు దెబ్బతినడం ముందు బాగా పొడుగైన వాటితో మొదలవుతుంది, అంటే పాదాలతో, చేతుల వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. అందుకే మా అత్తగారికి కాళ్ళు పోగొట్టుకున్న కబురు చేతివేళ్ళు ఇంకా ఇవ్వగలుగుతున్నాయి. ఇది అర్థమయ్యాక కమ్మి ఎలా ఉండాలన్నది కూడా మొత్తం మారిపోయింది.

ఇక కమ్మి సంగతి. కొత్తపేటలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయించాం, పేరు రాయను, ఎందుకంటే మొదట వాళ్ళు చేసింది బాగోలేదు, తర్వాత చేసింది చాలా బాగుంది. 304 గ్రేడు స్టీలు గొట్టం, ఒకటిన్నర అంగుళం. 202 అయితే చవక గానీ బాత్‌రూమ్ తడి దగ్గర తుప్పు మరకలు వస్తాయని 304కే వెళ్ళాం. అన్నీ కలిపి 8,600 రూపాయలు. గోడకీ గొట్టానికీ మధ్య రెండు అంగుళాలు వదిలించాం, అంతకంటే తక్కువైతే వేళ్ళ కణుపులు గోడకి రాసుకుంటాయి. ఎత్తు మాత్రం వాడే మనిషికి కొలిచి పెట్టించండి, ఇంకొకరి ఇంట్లో చూసి పెట్టించొద్దు. చేయి సహజంగా కిందికి వేలాడదీసినప్పుడు మణికట్టు ఎక్కడికి వస్తుందో అక్కడికి పెట్టాం, 31 అంగుళాలు వచ్చింది. ర్యాంపులకి రెండు ఎత్తుల్లో, 760, 900 మిల్లీమీటర్ల దగ్గర, కమ్ములుండాలని ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంటుంది, మాది ఆ రెండిటి మధ్య పడింది.

మొదటి తప్పు, ప్రతి మూడడుగులకీ గొట్టం చుట్టూ పట్టీలా బిగించే క్లాంపులు వేశారు. చూడ్డానికి గట్టిగా, నీటుగా ఉంది. బరువు వేసేవాళ్ళకి దాంతో ఇబ్బంది లేదు. కానీ వేలు రాసుకుంటూ వెళ్ళేవాళ్ళకి ప్రతి మూడడుగులకీ వేలు ఎత్తి మళ్ళీ వెతుక్కోవాలి, సరిగ్గా ఆ ఎత్తిన క్షణంలోనే అత్తగారు తూలడం నా కళ్ళతో చూశాను. కింద నుంచి ఆనించే ఎల్ ఆకారపు బ్రాకెట్లు కావాలని అడిగితే ఆ షాపు కుర్రాడు "పైన పట్టీ ఉంటే ఎవులు చూస్తారు మేడం" అని నసిగాడు గానీ, కళ్ళు మూసుకుని కమ్మి మీద వేలితో నడవమన్నాక తనే మార్చేశాడు. రెండో తప్పు, మాది సున్నం గోడ, ప్లాస్టిక్ గుల్లలు కొట్టి స్క్రూలు బిగించారు, మూడు వారాలకే ఒక చివర కదిలింది. ఫోను చేస్తే నాలుగు రోజులు తిప్పించుకుని వచ్చారు, ఈసారి ఇటుక లోపలికి దిగే పొడుగు యాంకర్ బోల్టులు వేశారు, అప్పట్నుంచి చుక్క కదలలేదు. కదిలే కమ్మి అసలు లేకపోవడం కంటే ప్రమాదం. వేలికి అది కదిలినట్టు తెలిస్తే, కదిలింది కమ్మో ఒళ్ళో మెదడుకి తెలియదు. ఇంకో చిన్న సంగతి, చివర్లు గోడ వైపు వంచి మూయించండి, లేకపోతే చీర కొంగు తగులుకుంటుంది.

మెట్టు దగ్గర ఒక ఉపాయం చేశాను, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మెట్టుకి ఒక అడుగు ముందు నుంచి కమ్మికి గోగునార తాడు దగ్గరదగ్గరగా చుట్టేశాను. మార్కెట్‌లో 40 రూపాయల ఉండ. వేలు నున్నటి స్టీలు మీద నుంచి గరుకు మీదకి రాగానే మెట్టు వచ్చిందని తెలిసిపోతుంది, కిందికి చూడక్కర్లేదు. అత్తగారు మొదటిసారి ఆ తాడు మీద చేయి పెట్టి అక్కడే ఆగిపోయి, బొటనవేలితో దాన్ని అటూ ఇటూ నిమిరి, "ఇది గోగునారే. మా ఊర్లో చెరువులో నానబెట్టి తీసీవోళ్ళం" అన్నారు. అంతకుముందు రోజు ఇదే కమ్మిని చూసి "ఓలమ్మా, గోడకి ఈ ఇనప గొట్టం ఏటే, నాను ఆసుపత్రిలో ఉన్నానేటి?" అని అలిగిన మనిషి.

ఇప్పుడావిడ నడుస్తుంటే చూడాలి. కుడి చేతి నాలుగు వేళ్ళు కమ్మి మీద తేలిగ్గా, పిల్లి వీపు నిమిరినట్టు, బొటనవేలు అసలు కిందికి రాదు. చూపు ఎదురుగా. రాత్రి నేను పడుకున్న చోటికి ముందు ఉంగరం స్టీలుకి రాసుకునే సన్నటి చప్పుడు, తర్వాత తాడు మీద సర్రుమనే చప్పుడు, ఆ తర్వాత బాత్‌రూమ్ లైటు స్విచ్చి. ఆ మూడూ వరసగా వినిపిస్తే నాకు టెన్షన్ ఉండదు. ఈ ఎనిమిది నెలల్లో ఒక్కసారీ పడలేదు. దానికి కమ్మి ఒక్కటే కారణమని చెప్పను, రోజూ వ్యాయామం చేయిస్తున్నాం, చెప్పులు కూడా మార్చాం.

పాప సంగతి మేం అనుకోనిది. మిగిలిన ఐదడుగుల గొట్టం ఉంటే పారేయడం ఎందుకని కిందగా 18 అంగుళాల ఎత్తులో పెట్టించాం, కిటికీ లేని వైపు, ఎక్కినా ప్రమాదం లేని చోట. మొదట్లో రెండు చేతులతో వేలాడేది, పిడికిలి తెల్లబడేలా. 13వ నెలలో వదిలి నడిచింది. నడక వచ్చేశాక ఇక దానితో పనిలేదనుకున్నాను, కాదు, కొన్ని వారాల తర్వాత చూస్తే అరచెయ్యి విప్పి కమ్మి మీద ఊరికే జారిస్తూ నడుస్తోంది, బరువేమీ వేయకుండా. పక్కనే, దానికి ఒక అడుగు పైన, వాళ్ళ నాన్నమ్మ చేయి కూడా అలాగే జారుతోంది. అప్పుడు తీసిన వీడియో ఎన్నిసార్లు చూసుకున్నానో. పసిపిల్లలు మొదట ఆసరా కోసం పట్టుకుంటారు, నడక కుదురుకునే కొద్దీ అదే తాకిడిని కబురు కోసం వాడుకోవడం నేర్చుకుంటారని చదివాను గానీ, ఇంట్లో చూడటం వేరు.

నాకు కూడా పనికొచ్చింది. వానాకాలంలో కరెంటు పోయిన ఒక రాత్రి పాపని భుజాన వేసుకుని నడవలోకి వచ్చాను, ఎత్తుకున్నప్పుడు నా కాళ్ళు నాకే కనపడవు, సెల్లు ఎక్కడుందో తెలియదు. మోచెయ్యి కమ్మికి రాసుకుంటూ వెళ్ళాను, గోగునార గరుకు చర్మానికి తగలగానే ఆగి మెట్టు దిగాను.

ఇది దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. కమోడ్ మీద నుంచి లేవడానికి ఇది చాలదు, అక్కడ ఒళ్ళు బరువంతా చేయి మీద పడుతుంది, దానికి విడిగా అడుగున్నర గ్రాబ్ బార్ వేయించాం, 1,100 అయింది. కళ్ళు తిరిగి పడేవాళ్ళకి, మోకాలు ఒక్కసారిగా లొంగిపోయేవాళ్ళకి వేలు తగిలితే సరిపోదు, మనిషి తోడుండాలి, డాక్టరుకి చూపించాలి. చేతివేళ్ళకి కూడా తిమ్మిరి వచ్చినవాళ్ళకి ఎంత లాభమో ముందు ఫిజియో వాళ్ళని అడగండి.

షాపుకి ఐదుకి మూడున్నర ఇస్తాను, తప్పులు సరిదిద్దినందుకే అంతైనా. కమ్మికి ఐదుకి ఐదు.

పోయిన అక్టోబరులో మా ఊరి పైడితల్లమ్మ జాతర, సిరిమానోత్సవానికి అత్తగారు రెండేళ్ళ తర్వాత ఇల్లు కదిలారు. మూడు లాంతర్ల దగ్గర చుట్టాల మేడ మీద నుంచి పైడితల్లమ్మ సిరిమాను చూద్దామని. వీధిలో నా మోచేతికి రెండు వేళ్ళు తగిలించి నడిచారు, లాగలేదు, వేలాడలేదు. మేడ మెట్ల దగ్గర నా చేయి వదిలేసి అక్కడి ఇనప కమ్మి మీద వేళ్ళు పెట్టి నాలుగు మెట్లెక్కి ఆగారు. ఏమైందోనని నేను కంగారు పడ్డాను. ఆవిడ వెనక్కి తిరిగి, "ఈళ్ళ కమ్మికి మధ్యమధ్యలో అడ్డాలున్నాయే. మన వెల్డింగ్ బాబు ఫోను నంబరు ఈళ్ళకి ఇచ్చీ" అన్నారు.