జాగ్రత్త: చవక 'మినీ అక్వేరియం చిల్లర్' కొనేముందు లేబుల్ చదవండి

ఎండలు ముదిరేసరికి ఆన్‌లైన్‌లో ఈ మినీ చిల్లర్లు పుట్టగొడుగుల్లా పుట్టుకొస్తాయి. చిన్న డబ్బా, రెండు పైపులు, ఒక అడాప్టర్. "100 లీటర్ల ట్యాంకుకు సరిపోతుంది, 10 డిగ్రీలు తగ్గిస్తుంది" అని రాసి ఉంటుంది. తగ్గించదు. గ్లాసుడు నీళ్లనైతే తగ్గిస్తుందేమో.

అందులో కంప్రెసర్ ఉండదు, గ్యాస్ ఉండదు. ఉండేది పెల్టియర్ ప్లేట్, అంటే కరెంటు ఇస్తే ఒక వైపు చల్లబడి, రెండో వైపు వేడెక్కే బిళ్ల. ఎక్కువగా 12706 అని నంబరు వేసిన 4 సెంటీమీటర్ల చదరపు బిళ్ల. 12 వోల్టుల మీద 50–60 వాట్ల కరెంటు తాగి, నీళ్లలోంచి లాగే వేడి 20–30 వాట్లే. 25 అనుకుందాం. 100 లీటర్లను 4 డిగ్రీలు దించడానికి దాదాపు 1,675 కిలోజౌళ్లు లాగాలి, అంటే 18 గంటలకు పైగా పని. అదీ ట్యాంకులోకి కొత్త వేడి అస్సలు రాకపోతే. లైటు, ఫిల్టర్ మోటారు, గదిలో వేడిగాలి అన్నిగంటలు చేతులు కట్టుకుని కూర్చుంటాయా?

ఇంతకన్నా చెడ్డ సంగతి డబ్బా వెనకాల ఉంటుంది. బిళ్లకు రెండో వైపు వేడిని చిన్న ఫ్యాన్ ఒకటి హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే లోహపు రెక్కల దిమ్మ) మీద ఊదుతూ బయటికి పంపాలి. రెక్కల మధ్య దుమ్ము పట్టినా, ఫ్యాన్ ఆగినా ఆ వేడి బిళ్లగుండా నీళ్లలోకే దిగుతుంది. అప్పుడది చిల్లర్ కాదు, హీటర్. బయటికొచ్చే పైపు చివర వేలు పెట్టి చూడండి, గోరువెచ్చగా తగిలితే వెంటనే ప్లగ్ పీకేయండి. నీళ్లు తిరిగే దిమ్మ అల్యూమినియందైతే ఉప్పునీటి ట్యాంకులో తుప్పు పడుతుంది. రాగిదైతే రొయ్యలకు, నత్తలకు విషం.

గుర్తుపట్టడం తేలికే. కంప్రెసర్ చిల్లర్ లేబుల్ మీద ఆర్134ఏ లాంటి గ్యాస్ పేరు ఉంటుంది, ఎత్తితే బరువు తెలుస్తుంది. గ్యాస్ పేరు లేకుండా, 12 వోల్టుల అడాప్టర్‌తో వస్తే అది పెల్టియరే. ఇప్పటికే కొనేసి ఉంటే వాపసు గడువు దాటకముందే పరీక్షించండి. గది వేడిలోనే ఉన్న 20 లీటర్ల నీళ్లను బకెట్లో పోసి, మూతపెట్టి రెండు గంటలు నడపండి. రెండు డిగ్రీలకు అటూ ఇటూగా దిగాలి. ఒక్క డిగ్రీ కూడా దిగలేదంటే వెనక్కి పంపేయండి. అద్దానికి అతికించే స్టిక్కర్ థర్మామీటర్‌ను నమ్మొద్దు, నీళ్లలో మునిగేది వాడండి.

మరి ఏం కొనాలి? నీటిమట్టం మీదికి ఏటవాలుగా గాలి ఊదే మామూలు ఫ్యాన్. ఒక్క లీటరు నీళ్లు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్లు పోతాయి. ఆ మినీ చిల్లర్ 24 గంటలూ తిరిగినా లాగేది 2,160. గాలిలో తేమ తక్కువుంటే ఫ్యాన్‌తో రెండు, మూడు డిగ్రీలు దిగుతుంది, ఉక్కపోత రోజుల్లో మాత్రం పెద్దగా పనిచేయదు. మూత తీసి వల కప్పండి, లేకపోతే చేపలు దూకేస్తాయి. తగ్గిన నీళ్లకు బదులు ఆర్వో నీళ్లే పోయండి, ఆవిరయ్యేది నీరొక్కటే, లవణాలన్నీ ట్యాంకులోనే మిగిలిపోతాయి. వైరు ప్లగ్‌కన్నా కిందికి వేలాడాలి, లేకపోతే దాని మీద జారిన నీటిబొట్టు నేరుగా సాకెట్లోకి పోతుంది.

మరీ మండిపోయిన రోజున లీటరు సీసాలో గడ్డకట్టించిన ఐసు మూతతో సహా వేస్తే 100 లీటర్లు ఒక డిగ్రీ దాకా దిగుతుంది. గంటకు ఒకటి మించి వద్దు. నీళ్లలోకి గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఆపకండి, నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 32 దగ్గర 7.3 మాత్రమే.

చల్లదనం తప్పనిసరైన చేపలుంటే కంప్రెసర్ చిల్లరే కొనాలి. దాన్ని ట్యాంకు కింద అరలో బిగించేయకండి. అది వదిలే వేడిగాలి అక్కడే తిరుగుతూ మళ్లీ దాని మీదికే వస్తుంది.