1942 నాటి చెక్క స్పిట్‌ఫైర్: కొన్నాను, కొలిచాను

స్పిట్‌ఫైర్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ యుద్ధవిమానం, నేను కొన్నది దాని చిన్న చెక్క నమూనా. పెట్టె విప్పేసరికి తోక ఊడిపోయి ఉంది. అమ్మినవాళ్ళు ఒక్క పొర బుడగల కవరు చుట్టి, మిగతా పెట్టెంతా ఖాళీగా వదిలేసి పోస్టులో వేశారు. ఎనభై ఏళ్ళు దాటిన చెక్క బొమ్మని అలా పంపిస్తారా ఎవరైనా? ఫోన్ చేస్తే 65 డాలర్లలో 15 వెనక్కి ఇచ్చారు. ప్యాకింగ్‌కి అయిదుకి ఒక్క మార్కు వేస్తున్నాను, అదీ పెట్టె తడవకుండా వచ్చినందుకు.

ఇక వస్తువు సంగతి. నేను ముప్పై ఒక్క ఏళ్ళు విశాఖ జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పాను. మా నాన్న వడ్రంగి. ఇప్పుడు ఒహాయోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి స్కూళ్ళలో చెక్కపని, ఇనుపపని నేర్పే పీరియడ్‌ని షాప్ క్లాసు అంటారు. ఈ విమానం అలాంటి క్లాసులో ఎవరో హైస్కూల్ పిల్లో, పిల్లవాడో చెక్కింది.

అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసిన కొద్ది నెలలకే, 1942 మొదట్లో, అమెరికా నౌకాదళం విద్యాశాఖ ద్వారా దేశంలోని హైస్కూళ్ళని ఒక సాయం అడిగింది. యాభై రకాల యుద్ధవిమానాలు, ఒక్కో రకానికి పదివేలు, మొత్తం 5,00,000 చెక్క నమూనాలు చేసిపెట్టమని. మన పక్షం విమానాలూ అందులో ఉన్నాయి, శత్రువులవీ ఉన్నాయి. ఆకాశంలో ఏదైనా కనబడగానే అది ఎవరిదో తేల్చుకోవడం సైనికులకి నేర్పాలి. పొరపడితే సొంత విమానాన్నే కూల్చేస్తారు. ఫ్యాక్టరీలన్నీ అసలు విమానాల పనిలో మునిగి ఉన్నాయి కాబట్టి నమూనాల పని పిల్లల చేతికొచ్చింది. లెక్క ప్రకారం వచ్చిన వాటికి సర్టిఫికెట్లు ఇచ్చేవారు, తేడా ఉన్నవి తిప్పి పంపేవారు.

అలా వచ్చిన వస్తువు కాబట్టే దీన్ని బొమ్మ అనబుద్ధి కావడం లేదు. ఇది కొలతల మీద నడిచే పాఠ్యసామగ్రి. అన్నీ అసలు విమానంలో 72వ వంతు. 35 అడుగుల దూరంలో పట్టుకుంటే, 35ని 72తో గుణించండి, 2,520 అడుగులు, అంటే దాదాపు అర మైలు దూరంలో అసలు విమానం ఎంత కనిపిస్తుందో ఇది అంతే కనిపిస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలకి సరూప త్రిభుజాలు చెప్పడానికి బోర్డు మీద ఎన్ని దీపస్తంభాలు గీశానో! ఇలాంటిది ఒక్కటి చేతిలో ఉండి ఉంటే ఆ పాఠం ఒక్క పీరియడ్‌లో అయిపోయేది.

టేపు పెట్టి కొలిచాను. రెక్క చివరి నుంచి రెక్క చివరికి ఆరుంబావు అంగుళాలకి ఒక పిసరు తక్కువ. అసలు స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, దాన్ని 72తో భాగిస్తే 6.14 అంగుళాలు. సరిపోయింది! ఎదురుగా ఎవరూ లేకపోయినా "శభాష్" అనేశాను.

స్పిట్‌ఫైర్ చెక్కడం తేలిక కాదు. రెక్క దీర్ఘవృత్తం ఆకారంలో ఉంటుంది, రెండు వైపులా ఒకే వంపు రావాలి. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109, అందులో 1940లో బాగా ఎగిరిన ఇ రకం, రెక్కల చివర కత్తిరించినట్టు ఉంటుంది. దూరం నుంచి ఈ రెండింటినీ విడదీసేది ఆ చివరలే. వంపు కాస్త చదునైతే శిక్షణలో ఉన్నవాడు తప్పు నేర్చుకుంటాడు. అందుకే పిల్లలు అట్టముక్కల్ని గీతల ప్రకారం కత్తిరించి, చెక్కుతున్నప్పుడు అడుగడుక్కీ ఆనించి చూసుకునేవారు. అట్టకీ చెక్కకీ మధ్య వెలుతురు కనబడితే ఇంకా పనుందన్నమాట. పంకా లేదు, చక్రాలు లేవు, మెరుపు లేని నల్లరంగు. ఆకారం తప్ప ఇంకేదీ కంటికి ఆనకూడదని అలా చేశారు.

కుడి రెక్క అడుగున, ఒంటికి కలిసేచోట, వేలితో తడిమితే ఆకురాయి గాట్లు తెలుస్తున్నాయి. పైభాగమంతా ఉప్పుకాగితంతో నున్నగా రుద్దారు, ఆ సందులోకి మాత్రం వేలు దూరలేదు పాపం. ఎడమ రెక్క చివర చారలకి ఎదురు చెక్కడం వల్ల చిన్న పేడు లేచింది. దాన్ని జిగురుతో అణచి, మళ్ళీ రుద్ది రంగేశారు. మా నాన్న దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళందరూ మొదటి ఏడాది చేసే తప్పే ఇది.

ఊడిన తోకని దీపం కిందకి తెచ్చి చూశాను. అతుకు లోపల జిగురు ఎండి బెల్లం రంగుకి తిరిగింది. దాని పక్కన, రంగు తగలని పచ్చి చెక్క మీద, పెన్సిల్‌తో గీసిన సన్నటి మధ్యగీత, దాని చివర చిన్న అడ్డగీత. గీత కొంచెం పక్కకి పోతే చెరిపి మళ్ళీ గీసిన మసక కూడా ఉంది. మూసేస్తే ఎవరికీ కనబడని చోట అంత జాగ్రత్త. నేనైతే ఆ పిల్లకి ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు వేసేదాన్ని.

సైన్సు గదుల్లోనూ ఆ ఏడాది మార్పులొచ్చాయి. గాలి రెక్కని ఎలా ఎత్తుతుంది, వాతావరణం, దిక్కులు కలిపి విమానయాన పాఠాలు పెట్టారు. విద్యుత్తు, యంత్రాలు, రేడియో, షాపు పని మీద యుద్ధశాఖే పాఠ్యక్రమాలు తయారుచేయించింది. అవి చదివిన పిల్లల్లో చాలామంది సైన్యంలోకి వెళ్ళారు. సామాన్లు దొరికాయి, పాఠానికి విలువ దొరికింది, కానీ ఆ కారణం తలుచుకుంటే టీచరుగా నా గుండె బరువెక్కుతుంది.

ఆ ఏడాదే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు మా విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. మా నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు. అందరూ పైకి చూశారుట, అవి ఎవరివో ఎవరికీ తెలియలేదుట. తెలిసేసరికి మూటలు నెత్తిన పెట్టుకుని శృంగవరపుకోట దారి పట్టారు.

కొనాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. తర్వాత ఇవే ఆకారాలు ప్లాస్టిక్‌లో కూడా పోశారు, వాటి మీద చికాగో క్రూవర్ కంపెనీ పేరు అచ్చుగా ఉంటుంది. ఆ ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ వంకర్లు పోతుంది. చెక్కవి తేలిగ్గా ఉంటాయి, రంగు లేచినచోట చారలు కనిపిస్తాయి. కొత్తగా రంగేసి మెరిపించినవి వద్దు, గాట్లన్నీ పూడుకుపోతాయి. పంపేవాళ్ళకి తోక విడిగా చుట్టమని ముందే చెప్పండి.

వస్తువుకి అయిదుకి అయిదు. తోక ఇంకా అతికించలేదు, ముందు ఆ గీతని ఫోటో తీయించాలి. ఇదే ధరకి చెక్క మెస్సర్‌ష్మిట్ కూడా దొరికితే కొంటాను. రెండూ పట్టుకుని మా మనవణ్ణి 35 అడుగుల అవతల నిలబెట్టి, ఏది ఏదో అడగాలి.