గద్వాలలో ఆటో ఆగిన దుకాణంలో చీర కొనకండి

గద్వాల వెళ్లేవాళ్లకు ముందే చెప్తున్నా, ఆటో అతను తీసుకెళ్లిన దుకాణంలో చీర కొనొద్దు. స్టేషన్ నుంచి కోటకు 120 రూపాయలకు మాట్లాడుకున్నాం. దారిలో "కోట ఎక్కడికి పోతది అక్కా, ముందు చీరలు చూడండి" అని ఒక షోరూమ్ ముందు ఆపాడు. అక్కడ సేల్స్‌మన్ మగ్గం మీద నేసిందే అని ఒట్టేసి మరీ మా వదినకు 5,200కు ఒకటి అంటగట్టాడు. బిల్లు మీద మాత్రం "చీర" అని రాసి వదిలేశాడు.

కోట ముందు టీ కొట్టు పెద్దాయన చెప్తే సాయంత్రం నేతవాళ్ల ఇళ్లవైపు పోయాం. ఒకింట్లో గుంట మగ్గం మీద భార్యాభర్తలు నేస్తున్నారు. చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. పేకను, అంటే అడ్డపోగును, అటూ ఇటూ తీసుకుపోయేది నాడె. ఒంటికొక నాడె, రెండు అంచులకూ చెరొక నాడె నడుస్తాయి. నాడె విసిరిన ప్రతిసారీ అంచు పేకనూ ఒంటి పేకనూ ఒకదాంట్లో ఒకటి మెలేస్తారు, అదే కుట్టు. అందుకే ఒళ్లు ఒక రంగు, అంచు ఇంకో రంగు, ఒకదాని మీదికి ఒకటి పాకకుండా కచ్చితంగా విడిపోతాయి. ఆ నేతాయన మా వదిన సంచిలోంచి షోరూమ్ చీర తీసి, అంచును వెలుగుకు పట్టి చూసి, "ఒంటి పోగే అంచు చివరిదాకా పోయింది చూడమ్మా, ఇది కుట్టు కాదు, పవర్‌లూమ్‌ది" అన్నాడు. తిరిగి షోరూమ్‌కు పోతే అమ్మిన సరుకు వాపసు లేదని గోడ మీది బోర్డు చూపించారు. వదిన రాత్రి అన్నం కూడా తినలేదు. 1,100 పెట్టి తీసుకున్న లాడ్జి గదిలో ఏసీ చేయకపోతే, రిసెప్షన్‌లో కుర్రాడు ఫ్యాన్ ఉంది కదా మేడమ్ అన్నాడు, దాంతో చీర మీది కోపం ఇంకా ఎక్కువైంది.

ఇంత జరిగినా గద్వాల చూడదగ్గ ఊరే అంటాను. నల సోమనాద్రి కట్టించిన కోట ఊరి మధ్యలోనే ఉంది, లోపల చెన్నకేశవస్వామి గుడి, పక్కనే డిగ్రీ కాలేజీ. పొద్దున్నే వెళ్లండి, పిల్లలు క్లాసుల్లోకి పోయాక గుడి ప్రాంగణంలో శిల్పం దగ్గర ఎంతసేపైనా నిలబడొచ్చు. కోట గోడల సంగతి మాత్రం చూస్తే కడుపు మండుతుంది, బురుజుల మీద చెట్లు మొలిచి రాళ్లు ఊడుతున్నాయి. పండితులకు ఏటేటా వార్షికాలిచ్చి విద్వద్గద్వాల అనిపించుకున్న సంస్థానం ఇది. తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామివారికి వెళ్లే ఏరువాడ జోడు పంచెలు కూడా ఇక్కడి మగ్గాల మీదే నేస్తారు. అంత పేరున్న ఊళ్లో, మగ్గాల ఇళ్లు ఎటు అని చెప్పే ఒక్క బోర్డు కూడా మాకు కనబడలేదు, షోరూమ్‌ల బోర్డులు మాత్రం వీధివీధికీ ఉన్నాయి.

మర్నాడు అలంపురం పోయొచ్చాం, చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలకు ఒక పూట సరిపోదు, దాని గురించి విడిగా రాస్తాను.

వదిన మొహం మళ్లీ వెలిగింది జూరాల డ్యామ్ దగ్గర. రేకుల షెడ్డులో, అప్పుడే కోసిన చేపను కారం పట్టించి వేపి, జొన్నరొట్టెతో పెట్టారు, మనిషికి 240. చింతపండు పులుసు వేడిగా వేరే గిన్నెలో. హైదరాబాద్‌లో వెయ్యి పెట్టినా ఈ రుచి రాదు. డబ్బులు ఇవ్వబోతే ఆ షెడ్డు నడిపే అక్క ఇంకో ముక్క తినండి అని ఊరికే వేసింది.

తిరుగు రైలుకు ముందు వదిన మళ్లీ ఆ నేత ఇంటికే పోయింది. కుంకుమ రంగు అంచుతో ముదురాకుపచ్చ చీరకు 9,500, అడ్వాన్సు 2,000 ఇచ్చింది. నేయడానికి టైమ్ పడుతుందన్నారు, పట్టనీ. బేరం ఆడకండి అని నేనే ఆమెకు చెప్పాను. మీరు పోయినా వాళ్ల దగ్గర బేరం ఆడకండి, షోరూమ్‌లో ఆడండి.