రొయ్యల తెల్లమచ్చ జబ్బుకు చెరువు గట్టు మీద స్ట్రిప్పా, ల్యాబ్‌లో పీసీఆరా? ఏది మేలు?

"కరోనాకు చూసినట్టు రొయ్యకూ యాంటీబాడీలు చూడొచ్చు కదా అబ్బాయ్?" అని వాకాడు దగ్గర చెరువులు చేసే మా మామ అడిగాడు. తిరుపతిలో నేను మైక్రోబయాలజీ చదివాను కాబట్టి విడమరిచి చెప్పాను.

రొయ్య ఒంట్లో యాంటీబాడీలు పుట్టవు. వాటిని కుందేలులోనో ఎలుకలోనో తయారు చేసి, వాటితో రొయ్యలో ఉన్న వైరస్‌ను పట్టుకోవాలి. తెల్లమచ్చ వైరస్ పైపొరలో వీపీ28 అనే ప్రోటీన్ దండిగా ఉంటుంది. గురి పెట్టేది దానికే. ఈ యాంటీబాడీలు పూసిన చిన్న పట్టీయే స్ట్రిప్, వైరస్ ఉంటే దాని మీద గీత పడుతుంది.

ముందు కుందేలా, ఎలుకా అన్నది తేల్చుకోవాలి. కుందేలుతో ఖర్చు తక్కువ, కొద్ది నెలల్లో సీరం (యాంటీబాడీలుండే రక్తపు ద్రవం) చేతికొస్తుంది. కానీ జబ్బు రొయ్య మొప్పల నుంచి తీసిన వైరస్‌ను ఎక్కిస్తే, దాంతోపాటు అంటుకొచ్చిన రొయ్య ప్రోటీన్లకూ కుందేలు యాంటీబాడీలు చేస్తుంది. అప్పుడు ఏ జబ్బూ లేని రొయ్యకూ గీత పడుతుంది. ఆ గీత చూసి ఒక రైతు కౌంటు (అమ్మకానికి తగిన సైజు) రాకముందే పంట పట్టేస్తే ఆ నష్టం ఎవరు తీరుస్తారు? అందుకే వీపీ28ను బాక్టీరియాలో విడిగా చేయించి ఎక్కించాలి.

యాంటీబాడీ చేసే ఎలుక కణాన్ని ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణంతో కలిపే హైబ్రిడోమా పద్ధతి 1975లో వచ్చింది. శ్రమా ఖర్చూ ఎక్కువే. అయితే ఒక్క మంచి కణం దొరికిందంటే ఏళ్ల తరబడి అదే యాంటీబాడీ వస్తుంది. కుందేలు మారితే సీరమూ మారుతుంది. వేల స్ట్రిప్పులు ఒకేలా పనిచేయాలి కాబట్టి నేను ఎలుక వైపే.

ఇక చెరువులో వదిలే సీడ్‌కు, అంటే రొయ్య పిల్లలకు, పీసీఆరే, రెండో మాట లేదు. పిల్లల్లో వైరస్ చాలా కొద్దిగా ఉంటుంది. పీసీఆర్ దాని డీఎన్ఏను పెంచి మరీ చూస్తుంది, స్ట్రిప్‌కు అంత కొద్ది అందదు.

గట్టు మీద సంగతి వేరు. తెల్లారేసరికి నాలుగు రొయ్యలు వారన తేలాయి, తిండి ఎలా తింటున్నాయో చూసే చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉంది. తలపెంకు ఒలిచి వెలుతురుకు పెడితే తెల్లమచ్చలు. మచ్చలు వేరే కారణాలతోనూ వస్తాయి, వైరస్ అయితే మాత్రం 3 నుంచి 10 రోజుల్లో చెరువంతా పోవచ్చు. మొప్ప ముక్కను చిన్న ట్యూబులో ద్రావణం పోసి నూరి, రెండు మూడు చుక్కలు స్ట్రిప్ మీద వేస్తే పావుగంటలో తెలుస్తుంది. అప్పటికి మొప్పల్లో వైరస్ స్ట్రిప్‌కు చాలినంత ఉంటుంది. పట్టుబడి పెట్టాలా (రొయ్యలు పట్టేయాలా), పక్క చెరువులకు నీళ్లు పోకుండా తూము మూయాలా అన్నది ఆ పూటే తేలిపోతుంది.

గీత పడలేదని మాత్రం ఊరుకోవద్దు మామా. అదే చెరువు రొయ్యలు ఇంకో నాలుగు ఆల్కహాల్‌లో వేసి ఆ రోజే పీసీఆర్‌కు పంపు.