23 చార్టులతో మొదలై 7 దగ్గర ఆగిన డాష్‌బోర్డు సర్వీసు: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

మా కంపెనీకి డాష్‌బోర్డు (పనికొచ్చే అంకెలన్నీ ఒకే తెర మీద చూపించే పేజీ) చేసిపెట్టిన కన్సల్టెన్సీ గురించి రాస్తున్నా. మొదటి నెలలో రాసుంటే ఒక్క స్టార్ కూడా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు మూడున్నర ఇస్తాను. పేరు మాత్రం రాయను. తప్పులో సగం మాది కూడా, అందుకని.

మాది యంత్రాల విడిభాగాల హోల్‌సేల్. నేను డిస్పాచ్ ప్లానింగ్ చూస్తాను. పొద్దున్న కూర్చోగానే ఏ గోడౌన్‌లో ఏ సరుకు అడుగంటింది, ఏ ఆర్డర్ ఆలస్యమయ్యేలా ఉంది, ఎక్కడి నుంచి ఎక్కడికి మళ్లించాలి అన్నది తేల్చాలి. పన్నెండేళ్లుగా ఈ పనంతా ఎక్సెల్‌లోనే. ఫైలు తెరుచుకునేలోపు ఇద్దరితో ఫోన్ మాట్లాడేయొచ్చు, అంత బరువెక్కింది. అందుకే పవర్ బీఐలో (డేటాని చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ టూల్) చేయిద్దామని మేనేజ్‌మెంట్ వీళ్లను పెట్టింది.

మొదటి డెమోకి అందరం మీటింగ్ రూమ్‌లో కూర్చున్నాం. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, కార్ల స్పీడోమీటర్లలాంటి గేజ్‌లు నాలుగు, ముక్కలుగా కోసినట్టుండే గుండ్రటి పై (pie) చార్టులు మూడు, కింద మ్యాపు. లెక్కపెట్టాను, ఒకే పేజీలో 23 ఉన్నాయి. మా డైరెక్టర్ గారు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

మర్నాడు పని మీద తెరిచాక తెలిసింది సంగతి. ఆ రోజు నెలలో 11వ తేదీ. పైన పెద్ద ఎర్ర బాణం, దాని పక్కన 'మైనస్ 63 శాతం'. డిస్పాచ్ కుప్పకూలిందనుకుని గోడౌన్లన్నిటికీ ఫోన్లు చేశాను. ఏమీ కాలేదు. ఈ నెల 11 రోజుల లెక్కని పోయిన నెల 30 రోజుల లెక్కతో పోల్చారు, అంతే. నెల మొదట్లో ఎప్పుడు చూసినా ఎర్ర బాణమే, నెలాఖరుకి దానంతటదే పచ్చబడుతుంది. పోల్చితే పోయిన నెల మొదటి 11 రోజులతో పోల్చాలి కదా!

అలాంటివే ఇంకో రెండు చెప్తాను, డాష్‌బోర్డు చేయించుకునేవాళ్లకు పనికొస్తాయి.

ఒకటి, టైముకి డెలివరీ శాతం. రెండు గోడౌన్లు మాత్రమే ఎంచుకుని చూస్తే కార్డు (ఒక్క అంకె చూపించే పెట్టె) మీద 74.5 అని చూపించింది. నా ఎక్సెల్‌లో 98.5. చేత్తో లెక్కేశాను. చిన్న గోడౌన్‌లో 10 ఆర్డర్లకి 5 టైముకి వెళ్లాయి, అంటే 50 శాతం. పెద్ద దాంట్లో 990కి 980, అంటే 99 శాతం. వీళ్లు ఆ రెండు శాతాల్నీ కూడి రెండుతో భాగించారు. నిజానికి 1000 ఆర్డర్లలో 985 టైముకి వెళ్లాయి. వేర్వేరు మొత్తాల మీది శాతాలకి నేరుగా సగటు తీయకూడదని స్కూల్లో చెప్పిందే. అయినా టూల్‌లో ఆ కాలమ్‌ని లాగి 'యావరేజ్' అని ఎంచుకుంటే అది నోరు మూసుకుని లెక్క కట్టేస్తుంది.

రెండోది పట్టుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అమ్మిన పీసుల సంఖ్య అన్ని చోట్లా కాకుండా కొన్ని ఆర్డర్లకి మాత్రమే ఎక్కువ వస్తోంది. ఒక ఆర్డర్ తీసి చూశాను. కస్టమర్ అడిగింది 400 పీసులు, మేం పంపింది మూడు విడతలుగా. ఆర్డర్ల టేబుల్‌ని డిస్పాచ్ టేబుల్‌తో కలిపేసరికి ఆ ఒక్క వరస మూడు వరసలైంది, ప్రతి వరసలోనూ 400. మొత్తం 1200! స్టాక్ కొనేవాళ్లు దీన్ని నమ్మి ఆర్డర్ పెట్టి ఉంటే మా గోడౌన్లలో కాలు పెట్టే చోటుండేది కాదు.

ఈ మూడింటినీ స్క్రీన్‌షాట్లతో మెయిల్ పెట్టాను, కాస్త ఘాటుగానే. ఇక్కడి నుంచి వాళ్లకు మార్కులు మొదలవుతాయి. వాదించలేదు. ప్రాజెక్టుకి వేరే అమ్మాయిని పంపారు. ఆవిడ ల్యాప్‌టాప్ తెరవకుండా రెండు రోజులు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ ఒకటే అడిగేది: "మేడం, ఇప్పుడు ఏ నంబర్ చూసి ఈ ఫోన్ చేశారు? అది వేరేలా ఉండుంటే ఏం చేసేవారు?"

మొదట్లో చిరాకేసింది. కానీ ఆ ప్రశ్నకి జవాబు లేని చార్టులు ఒక్కొక్కటే రాలిపోయాయి. మ్యాపు పోయింది, గోడౌన్లు ఎక్కడున్నాయో మాకు తెలుసు కాబట్టి. గేజ్‌లు పోయాయి, ఒక్కో అంకెకి అరచేయంత జాగా తింటున్నాయి కాబట్టి. ఆ గుండ్రటి పై చార్టుల మీద మాత్రం మా డైరెక్టర్ గారు పట్టుబట్టారు. ఆవిడ ఒకే డేటాని పై చార్టుగా ఒకసారి, బార్లుగా ఒకసారి చూపించి, "సార్, ఇందులో మూడో పెద్ద గోడౌన్ ఏదో చెప్పండి" అంది. పై చార్టులో ఆయన తడుముకున్నారు, బార్లలో వెంటనే చెప్పేశారు. మనిషి కన్ను కోణాలకంటే ఒకే గీత మీద నిలబడిన పొడవుల్ని బాగా పోల్చగలదని 1984లోనే క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి చూపించారట. ఆ బార్లు కూడా సున్నా నుంచే మొదలవ్వాలని ఆవిడ పట్టు. పాత డాష్‌బోర్డులో అక్షం 900 దగ్గర మొదలయ్యేది. 940, 970 పక్కపక్కన ఉంటే రెండోది దాదాపు రెట్టింపు ఎత్తు కనిపించేది.

చివరికి మిగిలినవి ఏడు. పైన నాలుగు అంకెలు, ఒక్కో దాని కింద టార్గెట్, పోయిన నెల ఇదే రోజుకి ఎంతుందో చిన్న అక్షరాల్లో. మధ్యలో పదమూడు వారాల గీత, దాని పక్కన గోడౌన్ల వారీ బార్లు. కింద ఆలస్యమయ్యే ఆర్డర్ల పట్టిక, ఎక్కువ ఆలస్యమయ్యేది పైన. నా రోజంతా ఆ పట్టికలోనే గడుస్తుంది. మా స్టోర్స్ మేనేజర్ గారికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. ఇన్నేళ్లుగా ఆయన ఎవరికీ చెప్పలేదు, ఈవిడ అడిగితే చెప్పారు. అందుకని రంగులు నీలం, నారింజ చేసి, పక్కన 'ఆలస్యం' అని మాట కూడా పెట్టారు.

బాగోలేనివి కూడా ఉన్నాయి. అమ్మేటప్పుడు 'రియల్ టైమ్' అన్నారు. మా ప్రో లైసెన్స్‌లో డేటాని దిగుమతి చేసుకునే పద్ధతిలో డేటా రోజుకి 8 సార్లే తాజా అయ్యేలా షెడ్యూల్ పెట్టుకోగలమని తర్వాత తెలిసింది. నిజానికి నాకు రెండుసార్లయితే చాలు, కానీ ఆ మాట ముందే చెప్పాలి కదా. ఇప్పుడు పేజీ మూలన 'డేటా ఎప్పటిది' అని టైము కనిపిస్తుంది, అది నేను పోట్లాడి పెట్టించుకున్నదే.

ఇంకోటి, తెల్లవారుజామునే తెరిస్తే 'ఈరోజు' అన్నచోట నిన్నటి తేదీ వచ్చేది. క్లౌడ్‌లో టుడే ఫార్ములా యూటీసీ (గ్రీన్‌విచ్ టైము) లెక్కన తేదీ ఇస్తుంది. గ్రీన్‌విచ్‌కి తూర్పున ఉన్నవాళ్లకి అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలపాటు అది నిన్నలోనే ఉంటుంది. మన టైముకి సరిపడా గంటలు కలిపితే సరిపోయే ఈ సవరణకి వాళ్లు తొమ్మిది రోజులు తీసుకున్నారు. ఆ తొమ్మిది రోజులూ నేను పాత ఎక్సెల్ ఫైలే తెరిచాను.

ఫోన్లో చూసే లేఅవుట్ ఇప్పటికీ నాసిరకమే. అప్పగించేటప్పుడు ఏ అంకెకి ఏ లెక్కో రాసిచ్చిన రెండు పేజీల కాగితం మాత్రం బంగారం. 'టైముకి డెలివరీ' అంటే మేం మాటిచ్చిన తేదీకా, కస్టమర్ అడిగిన తేదీకా అన్నది అందులో రాయాల్సొచ్చేసరికి సేల్స్‌కీ మాకూ ఏళ్లుగా ఉన్న గొడవ బయటపడి, ఒక పూట మీటింగ్‌లో తేలింది.

వీళ్లను పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోండి, కానీ డెమో చూసి కాదు. మీ పక్కన కూర్చోడానికి ఎవర్ని పంపుతారో ముందు అడగండి, ఆ రెండు రోజులు కాంట్రాక్టులో రాయించుకోండి. మీకు బాగా తెలిసిన పాత నెల లెక్క ఒకటి పెట్టుకుని, అంకెకి అంకె సరిపోయాకే సంతకం పెట్టండి. మేం అది చేయలేదు.

నిన్న వాడుక రిపోర్టు తెరిచి చూశాను. మా డైరెక్టర్ గారి కోసం ప్రత్యేకంగా చేయించిన రెండో పేజీని ఆరు వారాలుగా ఒక్కరూ తెరవలేదు, ఆయనతో సహా. దాన్ని తీసేయమని పొద్దున మెయిల్ పెట్టాను.